బలవంతుడి కాళ్ల కింది నేల

ఎనభై కిలోల మనిషి రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడనుకోండి. దేహం బరువంతా ఏ బిందువు దగ్గర పనిచేస్తున్నట్టు లెక్కగడతామో దాన్ని గరిమనాభి అంటాం. నిలబడ్డ మనిషిలో అది బొడ్డుకు కాస్త కింద, పొట్ట లోపల ఉంటుంది. అక్కణ్ణించి నేలకు నిలువుగా గీత గీస్తే అది చీలమండకు సుమారు అయిదు సెంటీమీటర్లు ముందు పడుతుంది. చీలమండకు వెనక మరో అయిదు సెంటీమీటర్లలో మడమ అయిపోతుంది. అంటే వెనక్కి పడిపోకుండా అతనికున్న వెసులుబాటు మొత్తం పది సెంటీమీటర్లు. ఇప్పుడు నేలకు 130 సెంటీమీటర్ల ఎత్తున, ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాలి. ఎంత బలం కావాలి? అతని బరువు 800 న్యూటన్లను 0.10 మీటర్లతో గుణించి, 1.3తో భాగించండి. దాదాపు 61 న్యూటన్లు వస్తుంది. ఆరు కిలోల బరువెత్తడానికి పట్టేంత బలం, అంతే.

అతని భుజాలు ఎంత వెడల్పు, జిమ్‌లో ఎన్ని కిలోలు ఎత్తుతాడు అన్న సంగతులకు ఈ లెక్కలో చోటే లేదు. బరువు ఉంది, పాదం పొడవు ఉంది, మనం చెయ్యి పెట్టిన ఎత్తు ఉంది. బలవంతుడి బలం గురించి మాట్లాడేముందు అతని కాళ్ల కింది నేలను చూడాలనడానికి ఇదే కారణం.

అయితే మనిషి రాతిస్తంభంలా ఊరికే నిలబడి ఉండడు. నెట్టగానే అతని పిక్కలు, తొడలు బిగుస్తాయి, నడుము ముందుకు వంగుతుంది, కాలు వెనక్కి పడుతుంది. ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ పెట్టి మోకాళ్లు వంచాడంటే వెనకవైపు వెసులుబాటు పది నుంచి 35 సెంటీమీటర్లకు పెరుగుతుంది, ఛాతీ ఎత్తు 120కి దిగుతుంది. కావలసిన బలం 230 న్యూటన్లు దాటుతుంది, అంటే ముందుకన్నా దాదాపు నాలుగు రెట్లు. కానీ అతని రెండు పాదాలనూ కలుపుతూ నేలమీద ఒక గీత ఊహించుకోండి. ఆ గీత వెంబడి అతను గట్టివాడే. దానికి అడ్డంగా తోస్తే అతని ఆధారం మళ్లీ కొద్ది సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. రెండు కాళ్ల మీద నిలబడే ప్రాణికి ఇది తప్పదు. ఎలా నిలబడినా ఒక దిక్కు బలహీనంగా మిగులుతుంది, అడుగు మార్చిన ప్రతిసారీ ఆ దిక్కూ మారుతుంది. ఎదుటివాడి బలహీనమైన దిక్కు ఈ క్షణాన ఎటుందో చేతి స్పర్శతో పసిగట్టి, అతను తనంతట తానే ఆ దిక్కుకు వాలేలా చేయడం తాయ్ చీలోని పోరాట విద్యకు సారం. మిగతా అంతా దాని సాధనే.

ఈ విద్య పుట్టుక గురించి కొండల్లో తపస్సు చేసిన సిద్ధుల కథలు చాలా ఉన్నాయి. చరిత్రకు అందేది మాత్రం చైనాలో హెనాన్ రాష్ట్రం, వెన్ జిల్లాలోని చెన్ కుటుంబాల ఊరు. 17వ శతాబ్దంలో మింగ్ వంశం కూలిపోయే రోజుల్లో చెన్ వాంగ్‌టింగ్ అనే యోధుడు అక్కడ దీనికి రూపం ఇచ్చాడని చైనా చరిత్రకారుడు టాంగ్ హావో 1930లలో ఆ ఊరికి వెళ్లి పరిశోధించి రాశాడు. అదే ఊళ్లో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) దీన్ని బీజింగ్‌కు తీసుకెళ్లి మంచూ ప్రభువులకు నేర్పాడు. అతని మనవడు యాంగ్ చెంగ్‌ఫూ కాలానికి నెమ్మదైన, విశాలమైన కదలికల పద్ధతి స్థిరపడింది. 1956లో చైనా క్రీడాశాఖ ఆరోగ్యం కోసం 24 భంగిమల చిన్న వరస తయారు చేయించింది. ఇవాళ మనం పార్కుల్లో, వీడియోల్లో చూసేది ఎక్కువగా దాని సంతతే. ఆరోగ్యానికి అది మేలే, నాకు దానిపట్ల గౌరవం ఉంది. కానీ గాలిలో చేతులు కదిపినంత మాత్రాన ఎవరూ ఆత్మరక్షణ నేర్చుకోలేరు. ఆ పాఠం వేరే చోట ఉంది. దాన్ని తుయ్‌షౌ అంటారు: ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు ఆనించి, ఒకరి నిలకడను ఒకరు చెదరగొట్టే సాధన.

దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఇద్దరూ కుడికాళ్లు ముందుకు వేసి నిలబడతారు. కుడి మణికట్ల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనుతాయి. ఎడమ అరచెయ్యి ఎదుటివాడి మోచేతి మీద తేలికగా ఉంటుంది. ఒకరు నెడతారు. రెండోవారు వెనక్కి గుంజుకోరు, ఎదురూ తోయరు. వచ్చిన బలం ఎంత వేగంతో వస్తోందో అంతే వేగంతో బరువును వెనక కాలి మీదికి జార్చి, చివర్లో నడుమును పక్కకు తిప్పుతారు. చేతులు మాత్రం ఆనే ఉంటాయి. నెట్టినవాడి చెయ్యి ఛాతీకి చేరాల్సింది, భుజం పక్కనుంచి జారిపోతుంది. కొత్తవాళ్లు ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, తొందరపడి ముందే తప్పుకోవడం. స్పర్శ తెగిపోగానే ఎదుటివాడికి తెలిసిపోతుంది, ఆగిపోతాడు. రెండోది, భుజాలు బిగబట్టడం. బిగుసుకున్న చెయ్యి కర్రలా మారి, ఎదుటివాడి తోపును నేరుగా మొండేనికి చేరవేస్తుంది. వాడికి మీ గరిమనాభి మీద పట్టు మీరే ఇచ్చినట్టవుతుంది.

నెట్టేవాడి వైపు నుంచి చూస్తే ఇందులోని భౌతికశాస్త్రం ఇంకా బాగా తెలుస్తుంది. అతను మిమ్మల్ని 200 న్యూటన్ల బలంతో నెడుతున్నాడంటే, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం మీ దేహం కూడా అతన్ని 200 న్యూటన్లతో వెనక్కి నెడుతోంది. ఆ బలం అతన్ని వెనక్కి పడగొట్టకుండా ఉండాలంటే అతను ముందుకు వాలక తప్పదు. ఎంత వాలాలి? 200ను 1.3 మీటర్లతో గుణించి 800తో భాగిస్తే దాదాపు 32 సెంటీమీటర్లు. పాదాల కింద ఒత్తిడి కేంద్రం ఎక్కడుందో దానికి అంత ముందుకు అతని గరిమనాభి వెళ్లి ఉండాలి. అలా వాలి కూడా అతను పడిపోవడం లేదంటే, అతన్ని నిలబెడుతున్నది మీ ప్రతిఘటనే. లోపలినుంచి ఎవరో తెరుస్తున్నారని తెలియక తలుపును భుజంతో తోసినవాడు గదిలోకి తూలిపడటం మనందరికీ తెలుసు. అక్కడ అతన్ని పడేసింది తలుపు తీసినవాడి బలం కాదుగదా.

ప్రతిఘటన మాయమయ్యాక ఏం జరుగుతుందో కూడా లెక్క కట్టవచ్చు. గరిమనాభి నేలకు ఒక మీటరు ఎత్తున ఉందనుకుంటే, వాలి ఉన్న దేహం తలకిందుల లోలకంలా ప్రవర్తిస్తుంది. సెకనులో మూడో వంతు గడిచేసరికి ఆ వాలు ఒకటిన్నర రెట్లవుతుంది. తూలిన మనిషి అడుగు వేసి నిలదొక్కుకోవాలంటే పాదం నేల వదలడానికే పావు సెకనుకు పైగా పడుతుంది. ఆ పాదం మళ్లీ నేలకు ఆనేదాకా ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది: దాదాపు అర సెకను. ఆ అర సెకనులో అతని కండలు ఎంత పెద్దవైనా అతని చేతిలో లేవు, నిలకడను వెతుక్కునే పనిలో ఉన్నాయి. అప్పుడు బలహీనమైన దిక్కుకు, అతను పోతున్న దారిలోనే, మీ చెయ్యి కొద్దిగా సాయం చేస్తే చాలు. లేదా మీరు అతని పక్కకు, వెనక్కు అడుగు వేసి అక్కణ్ణించి బయటపడితే చాలు. రెండోదే మేలని నా అభిప్రాయం.

ఇక ఆ క్షణాన్ని పట్టుకోవడం ఎలా? ఇక్కడ నాడీశాస్త్రం తాయ్ చీకి గట్టి సాక్ష్యం చెబుతుంది. కంటితో చూసి స్పందించడానికి మనిషికి దాదాపు అయిదో వంతు సెకను పడుతుంది. చర్మం మీద తగిలిన స్పర్శకు అంతకన్నా తక్కువ సమయంలో స్పందిస్తాడు. కండరం ఒక్కసారిగా సాగినప్పుడు వచ్చే ప్రతిచర్యలైతే సెకనులో పదో వంతు దాటకముందే మొదలవుతాయి. వాటిలో కొంత ఆలస్యంగా వచ్చే భాగాన్ని మన ఉద్దేశాన్ని బట్టి మార్చుకోవచ్చు కూడా. 'తోస్తే నిలబడాలి' అనుకున్నవాడి చెయ్యి ఒకలా, 'తోస్తే పోనివ్వాలి' అనుకున్నవాడి చెయ్యి ఇంకోలా స్పందిస్తుంది. తుయ్‌షౌ ఏళ్ల తరబడి సాధనతో మొదటి అలవాటును రెండోదిగా మారుస్తుంది. దాన్ని పుస్తకం చదివి మార్చుకోలేం.

చెయ్యి తేలికగా ఎందుకు ఉంచాలన్నదానికి 1834 నాటి జవాబు ఒకటుంది. లైప్‌జిగ్‌లో ఆచార్యుడు ఎర్నస్ట్ వేబర్ చేతితో ఎత్తి చూసిన బరువుల్లో ఎంత తేడా ఉంటే మనిషి గుర్తుపట్టగలడో పరీక్షించాడు. గుర్తుపట్టే తేడా ఒక స్థిరమైన సంఖ్య కాదని, ఉన్న బరువులో ఒక నిష్పత్తి అని తేలింది. ఎత్తే బరువుల విషయంలో అది సుమారు నలభయ్యో వంతు. ఆ నిష్పత్తి ప్రకారమే చూస్తే, నాలుగు వందల గ్రాముల ఒత్తిడితో ఎదుటివాడి చేతిని తాకుతున్న మనిషికి పది గ్రాముల మార్పు తెలుస్తుంది. ఎనిమిది కిలోల బలంతో అదుముతున్నవాడికి రెండు వందల గ్రాములు మారేదాకా ఏమీ తెలియదు. బలంగా పట్టుకున్నవాడు సగం చెవిటివాడే. మనం గట్టిగా పట్టుకుంటే మనమూ అంతే.

ఇంకో ప్రయోగం నాకు చాలా ఇష్టం. 2003లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో డేనియల్ వోల్పర్ట్ బృందం ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరి వేలిని ఇంకొకరు యంత్రం ద్వారా నొక్కే ఏర్పాటు చేసింది. ఇద్దరికీ ఇచ్చిన సూచన ఒకటే: మీ వేలిమీద ఎంత ఒత్తిడి పడిందో సరిగ్గా అంతే తిరిగి ఇవ్వండి. ఇద్దరూ నిజాయితీగా అంతే ఇచ్చామనుకున్నారు. కానీ ప్రతి వంతుకూ ఒత్తిడి మూడో వంతుకు పైగా పెరుగుతూ పోయింది. కారణం, మనం చేసే పనివల్ల పుట్టే స్పర్శను మెదడు ముందే ఊహించి తగ్గించి చూపిస్తుంది. మన తోపు మనకు చిన్నదిగా, ఎదుటివాడిది పెద్దదిగా అనిపిస్తుంది. వీధి తగాదాలో 'నువ్వు నెట్టావు, కాదు నువ్వే ముందు నెట్టావు' అన్న వాదనలో ఇద్దరూ నిజమే చెబుతున్నారన్నమాట. బలహీనుడికి ఈ పోటీ ప్రాణాంతకం, ఎందుకంటే పెంచుకుంటూ పోయే ఆటలో ముందు అయిపోయేది అతని బలమే. తిరిగి నెట్టకుండా ఉండటం వల్ల ఆ గొలుసు మొదటి లంకెలోనే తెగుతుంది.

ఎదుటివాడు మన చేతిని పట్టుకున్నప్పుడు ఏం చేయాలన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న. 2007లో జర్మనీలో వచ్చిన అధ్యయనంలో నూటికి 90 మంది స్త్రీల చేతిపట్టు, నూటికి 95 మంది పురుషుల పట్టుకన్నా తక్కువ ఉన్నట్టు తేలింది. కాబట్టి వేళ్లతో వేళ్లు పోటీ పడటం దండగ. గుంజుకోవడం అన్నది సహజంగా వచ్చే స్పందన, అదే చెడ్డది కూడా. వెనక్కి గుంజితే మీ చేతి కండరాలు అతని నాలుగు వేళ్లతో తలపడతాయి. దానికి బదులు అతని వైపే ఒక అడుగు వేయండి. మోచేతిని కిందికి దించి, నడుముతోపాటు ముంజేతిని తిప్పి, దాని సన్నని అంచు అతని బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉన్న సందులోకి వచ్చేలా చేయండి. ఆ తర్వాత మోచెయ్యి అతని ముంజేతి మీదుగా ముందుకు పోవాలి. పట్టు నుంచి మోచేతికి దూరం సుమారు 25 సెంటీమీటర్లు, బొటనవేలు అడ్డుపడే దూరం అయిదు సెంటీమీటర్లు. ఇది మీటతో సమానం. మోచేతి దగ్గర మీ దేహపు బరువుతో వచ్చిన పది కిలోల బలం బొటనవేలి దగ్గర యాభై కిలోలవుతుంది. ఏ బొటనవేలూ అంత ఆపలేదు.

'దేహపు బరువుతో' అన్నమాట మీద కాసేపు ఆగాలి. స్త్రీ పురుషుల బలాల్లో తేడా దేహమంతటా ఒకేలా ఉండదు. కెనడాలో 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో స్త్రీల బలం చేతుల్లో పురుషుల బలంలో సగానికి కాస్త పైన, కాళ్లలో మూడింట రెండు వంతులు ఉంది. అంటే చేతులతో పోరాడటమంటే తన బలహీనమైన చోట తలపడటం. కాళ్లలో పుట్టిన తోపును నడుము ద్వారా చేతికి చేర్చడమంటే తేడా తక్కువగా ఉన్న చోట తలపడటం. తాయ్ చీ గురువులు శక్తి పాదాల్లో పుట్టి నడుము దగ్గర మలుపు తిరిగి వేళ్లలో బయటపడాలని చెప్పేది మార్మికమైన మాటేమీ కాదు. అది మంచి యాంత్రికశాస్త్రం.

ఇంతవరకు చెప్పినదాని వల్ల తాయ్ చీ వచ్చినవాళ్లు ఎవరినైనా నిలువరించగలరన్న భ్రమ కలిగితే అది ప్రమాదం. చరిత్రలో రెండు సంఘటనలు అందరూ తెలుసుకోవాలి. 1954 జనవరిలో మకావ్‌లో వూ శైలి తాయ్ చీ ఆచార్యుడు వూ గోంగ్‌యీకీ, శ్వేతకొంగ శైలి యోధుడు చాన్ హక్‌ఫూకీ ధర్మార్థం పోటీ జరిగింది. ఆచార్యుడికి యాభై దాటాయి, ప్రత్యర్థి ముప్పయ్యుల్లో ఉన్నాడు. రెండో రౌండ్లో పోటీ ఆపేశారు, విజేతను ప్రకటించలేదు. ఆ పోటీ ఫిల్ము ఇప్పటికీ ఉంది. అందులో కనబడేది కవితలాంటి నెమ్మది కదలికలు కాదు. ఇద్దరు మనుషులు చేతులు విసురుకుంటూ గజిబిజిగా కొట్టుకోవడం. అయినా పెద్ద వయసులో ఆచార్యుడు నిలబడ్డాడు. ఇక 2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో మిశ్రమ యుద్ధక్రీడల యోధుడు షూ షియావోడోంగ్, తాయ్ చీ బోధకుడు వెయ్ లెయ్‌ని 20 సెకన్లలోపే కింద పడేసి గుద్దాడు.

రెండోదానిలో ఏం విఫలమైందో ఈ అధ్యాయంలోని లెక్కలే చెబుతాయి. స్పర్శ ఉంటేనే స్పర్శజ్ఞానం పనిచేస్తుంది. చేయి దూరంలో నిలబడి విసిరిన గుద్దు బయలుదేరి తగలడానికి పావు సెకను కూడా పట్టదు. కంటితో చూసి, నిర్ణయించి, చెయ్యి కదిపేసరికి ముఖం మీద పడనే పడుతుంది. అంతకన్నా పెద్ద కారణం సాధనలో ఉంది. ఎప్పుడూ సహకరించే శిష్యులతో చేసే తుయ్‌షౌలో నాడీవ్యవస్థ సహకారాన్నే నేర్చుకుంటుంది. భయపెట్టే వేగాన్ని, నొప్పిని, ఊహించని దిక్కును అది ఎన్నడూ ఎరగదు. కుస్తీ, జూడో, బాక్సింగ్ వాళ్లు రోజూ ఎరుగుతారు. ఆ క్రీడల్లో కూడా బరువునుబట్టి తరగతులు విడదీస్తారన్నది గుర్తుంచుకోవాలి. నైపుణ్యం సమానమైతే బరువు గెలుస్తుంది.

అందుకే ఆత్మరక్షణ కోసం నేర్చుకునేవారు గురువును ఒక్క మాట అడగాలి: ఇక్కడ నన్ను నిజంగా నెట్టేవాళ్లు ఉన్నారా? మొదట నిలబడ్డచోటనే, నెమ్మదిగా, ఒప్పుకున్న వరసలో. తర్వాత అడుగులు వేస్తూ. ఆ తర్వాత వరస లేకుండా, ఎదుటివాడు తనకు తోచినట్టు పట్టుకుని లాగుతూ, గోడవైపు తోస్తూ, అరుస్తూ. భయంతో గుండె దడదడలాడేటప్పుడు వేళ్లతో చేసే సున్నితమైన పట్లు గుర్తురావు. అడుగు వేయడం, నడుము తిప్పడం, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి చొచ్చుకురావడం లాంటి పెద్ద కదలికలే మిగులుతాయి. వాటినే సాధన చేయాలి. కత్తి కనబడితే ఈ పాఠాలన్నీ పక్కన పెట్టి పరుగెత్తాలి. పరుగెత్తే దారి లేకపోతే డబ్బు, ఫోను ఇచ్చేయాలి.

శరీరాలు తాకకముందే జరిగేది కూడా ఈ విద్యలో భాగమే. 2015లో షార్లీన్ సెన్ బృందం మూడు కెనడా విశ్వవిద్యాలయాల్లో 893 మంది విద్యార్థినులతో చేసిన పరిశోధన దీనికి ఆధారం. అందులో నేర్పింది తాయ్ చీ కాదు. పన్నెండు గంటల శిక్షణలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, పరిచయస్థుడే అయినా గట్టిగా కాదనడానికి అడ్డుపడే మొహమాటాన్ని దాటడం, మాటతోనూ ఒంటితోనూ ఎదిరించడం నేర్పారు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు శిక్షణ లేని బృందంలో నూటికి 9.8, శిక్షణ పొందినవారిలో 5.2. దాదాపు సగానికి తగ్గింది. బలంలో తేడా ఆ పన్నెండు గంటల్లో ఏమీ మారలేదు. మారింది ఎంత ముందుగా కదిలారన్నదే.

తాయ్ చీ వల్ల కలిగే మరో మేలు పెద్దవాళ్లకు సంబంధించింది. 1996లో అట్లాంటాలో 70 ఏళ్లు పైబడ్డ 200 మందితో చేసిన పరీక్షలో పదిహేను వారాల తాయ్ చీ, పదేపదే పడిపోయే ముప్పును 47.5 శాతం తగ్గించింది. దౌర్జన్యం జరిగినప్పుడు చాలాసార్లు ఎముకలు విరగ్గొట్టేది దెబ్బ కాదు, నేల. మన పట్నాల్లో గొలుసు దొంగతనాలనే చూడండి. బండి మీద వచ్చినవాడు మెడలో గొలుసు పట్టి లాగగానే చెయ్యి దానంతటదే గొలుసును గట్టిగా పట్టుకుంటుంది, నడుము వెనక్కి బిగుస్తుంది. బండి వేగం ముందు ఆ బిగింపు నిలవదు. మనిషి పక్కకు పడి తల రోడ్డుకు తగులుతుంది. లాగినవైపే వరసగా రెండు మూడు అడుగులు వేయడం, గొలుసు మీంచి చెయ్యి వదిలేయడం, మోకాళ్లు వంచి ఉంచడం ఇంట్లోనే సాధన చేయవచ్చు. ఒకరు కొంగు చివరో, తువ్వాలు చివరో పట్టుకుని చెప్పకుండా లాగాలి, ఇంకొకరు లాగినవైపు నడవాలి. మొదట గోడ పక్కన, మెల్లగా. పెద్దవాళ్లయితే పక్కన మరొకరు చెయ్యి అందించే దూరంలో ఉండాలి.